తమిళులకు ఇంగ్లీషు ‘హ్యావ్’ క్రియను నేర్పడం ఎలా: ‘ఇరు’ నుంచి మొదలయ్యే సమగ్ర మార్గదర్శి

హోసూరులో పగటి పనులు ముగించుకుని సాయంత్రం పూట ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళకు నేను కొన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. వారిలో ఎక్కువమంది తమిళులు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్నవారు కూడా కొందరు ఉంటారు. ఒకరోజు ఒక ఫ్యాక్టరీ కార్మికుడు తన కుటుంబం గురించి నాలుగు వాక్యాలు రాసి చూపించాడు. మొదటి వాక్యం ‘ఐ హ్యాజ్ వన్ బ్రదర్’. ‘ఐ’ తరువాత ‘హ్యావ్’ రావాలన్న సంగతి అతనికి తెలుసు. పట్టిక అప్పజెప్పమంటే తడుముకోకుండా అప్పజెప్పాడు కూడా. అయినా రాసేటప్పుడు చెయ్యి ‘హ్యాజ్’ వైపే పోయింది. ఎందుకు పోయిందో ఆలోచించిన తరువాతే నేను ఈ క్రియను చెప్పే పద్ధతి మార్చుకున్నాను.

హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి ప్రాంతాలలో పనిచేసే తెలుగు ఉపాధ్యాయులకు, కుప్పం, నగరి, సత్యవేడు పరిసరాలలో తమిళ పిల్లలకు చదువు చెప్పేవారికి, చెన్నైలోనో బెంగళూరులోనో పక్క బల్ల దగ్గరి తమిళ మిత్రుడికి సాయం చేయాలనుకునేవారికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. దీనికి తమిళ పాండిత్యం అక్కర్లేదు. రోజూ చెవిన పడే తమిళం చాలు. ఇక్కడి ఉదాహరణలన్నీ ఆ వాడుక భాషలోనే ఇచ్చాను.

మొదటి మెట్టు: క్రియ ఎవరిని బట్టి మారుతోందో చూపించండి

మనం ‘నాకు ఒక తమ్ముడు ఉన్నాడు’ అంటాము. తమిళులు ‘ఎనక్కు ఒరు తంబి ఇరుక్కాన్’ అంటారు. మన ‘ఉండు’ లాంటి తమిళ క్రియే ఈ ‘ఇరు’. డబ్బయితే ‘ఉంది’, ‘ఇరుక్కు’. పిల్లలయితే ‘ఉన్నారు’, ‘ఇరుక్కాంగ’. రెండు భాషల్లోనూ క్రియ మారేది ఉన్న వస్తువును బట్టి, ఉన్న మనిషిని బట్టి. వాటిని కలిగిన యజమాని మాత్రం ‘నాకు’, ‘ఎనక్కు’ అంటూ ‘కు’ చేర్చుకుని వాక్యం మొదట్లో నిలబడతాడే తప్ప క్రియ అతని మాట వినదు. ఇంగ్లీషులో సరిగ్గా తలకిందులు: యజమానే కర్త, క్రియ అతని మాటే వింటుంది, తమ్ముడు ఒకడైనా పదిమందైనా ‘ఐ హ్యావ్’ అనే అనాలి. మా కార్మికుడు తమిళ వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించి, ఒక్కడే అయిన తమ్ముడికి తగినట్టు ‘హ్యాజ్’ రాశాడు. ఇది అజ్ఞానం వల్ల జరిగిన తప్పు కాదని విద్యార్థికి ముందే చెప్పడం చాలా అవసరమని నా అభిప్రాయం. తన భాష తనకు బాగా వచ్చు కాబట్టే ఆ తప్పు దొర్లిందని తెలిసినవాడికి సిగ్గు పోతుంది, శ్రద్ధ కలుగుతుంది.

‘హ్యావ్’ పుట్టుక ఇక్కడ మనకు కలిసివస్తుంది. పాత ఇంగ్లీషులో దాని రూపం ‘హబ్బన్’. ఇంకా వెనక్కి వెళితే ‘చేత పట్టుకొను’ అనే అర్థం గల ధాతువు కనిపిస్తుంది. లాటిన్‌లోని ‘హబేరె’ పైకి దగ్గరగా కనిపించినా, ‘పట్టుకొను’ అనే అర్థమున్న ‘కాపెరె’యే దీనికి అసలు బంధువని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. అందుకని నేను పాఠాన్ని ఒక పెన్నుతో మొదలుపెడతాను. పెన్నును బల్ల మీద పెట్టి ‘పేనా మేజై మేల ఇరుక్కు’ అనిపించి, వెంటనే ‘ది పెన్ ఈజ్ ఆన్ ది టేబుల్’ అనిపిస్తాను. తరువాత అదే పెన్నును విద్యార్థి చేతికిచ్చి, పిడికిలి బిగించమని, ‘ఎన్ కిట్ట పేనా ఇరుక్కు’ అనిపిస్తాను. అప్పుడు వచ్చే ఇంగ్లీషు ‘ఐ హ్యావ్ ఎ పెన్’. తమిళంలో రెండుసార్లూ ‘ఇరుక్కు’ అనే అన్నాడు. ఇంగ్లీషులో మాత్రం బల్ల మీద ఉన్నప్పుడు ఒక క్రియ, పిడికిట్లో ఉన్నప్పుడు మరొక క్రియ. ఈ తేడా చేతికి తెలిస్తే నోటికి తేలిగ్గా వస్తుంది.

రెండో మెట్టు: ‘ఇరు’ వాక్యాలను రెండు కుప్పలు చేయించండి

విద్యార్థి చేత ఒక ఇరవై ‘ఇరుక్కు’ వాక్యాలు తమిళంలోనే రాయించండి. చోటు చెప్పే వాక్యాలన్నీ ఒక కుప్ప: ‘అప్పా వీట్టుల ఇరుక్కార్’ (నాన్న ఇంట్లో ఉన్నారు), ‘కడై పక్కత్తుల ఇరుక్కు’ (అంగడి పక్కనే ఉంది). వీటికి ‘ఈజ్’, ‘ఆర్’ వస్తాయి. ‘ఎనక్కు’, ‘అవనుక్కు’, ‘ఎన్ కిట్ట’ అంటూ యజమానిని చెప్పే వాక్యాలు రెండో కుప్ప. వీటికి ‘హ్యావ్’ వస్తుంది. వస్తువులకు కూడా యజమానిత్వం ఉంటుందని మరువకండి. ‘ఇంద వీట్టుక్కు నాలు జన్నల్ ఇరుక్కు’ అంటే ‘దిస్ హౌస్ హ్యాజ్ ఫోర్ విండోస్’.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘ఎనక్కు’ వినిపించిన ప్రతిచోటా ‘హ్యావ్’ పెట్టకూడదు. ‘ఎనక్కు పసిక్కుదు’, అంటే నాకు ఆకలేస్తోంది, అన్నదానికి ‘ఐ యామ్ హంగ్రీ’ అనాలి. ‘ఎనక్కు తెరియుం’ అన్నదానికి ‘ఐ నో’ వస్తుంది. వయసు చెప్పేటప్పుడు ‘ఐ యామ్ థర్టీ’ అంటారు. జబ్బుల్లో మాత్రం ‘హ్యావ్’ తరచుగా పలుకుతుంది: ‘ఎనక్కు కాయ్చ్చల్ ఇరుక్కు’ అంటే ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’, ‘తలవలి’కి ‘ఐ హ్యావ్ ఎ హెడేక్’. ‘కు’తో పాటు ‘ఇరుక్కు’ కూడా ఉందా, లేకపోతే ‘ఇరుక్కు’ను చేర్చినా తమిళ వాక్యం సహజంగానే వినిపిస్తుందా అని అడిగించండి. జవాబు అవునైతే చాలాసార్లు ‘హ్యావ్’ సరిపోతుంది.

తమిళంలో ‘వెచ్చిరుక్కేన్’ అనే మాట కూడా ఉంది. ‘నాన్ కార్ వెచ్చిరుక్కేన్’ అంటే నాకు కారు ఉందని అర్థం. మాటకు మాట చూస్తే పెట్టుకుని ఉన్నానని. దీన్ని యథాతథంగా మార్చి ‘ఐ యామ్ కీపింగ్ ఎ కార్’ అనేవాళ్ళను చాలామందిని చూశాను. ‘వెచ్చిరు’ వినగానే ‘హ్యావ్’ అనుకోవాలని ఒక్కసారి గట్టిగా చెబితే చాలు, ఇది మళ్ళీ రాదు.

మూడో మెట్టు: లేదు, ఉందా

తమిళంలో ‘ఇల్లె’ అనే ఒక్క మాట ఎవరికైనా, దేనికైనా సరిపోతుంది. మన ‘లేడు, లేదు, లేరు’ లాగా మారదు. అందువల్ల తమిళ విద్యార్థి ‘డోంట్ హ్యావ్’ను కూడా మారని ముద్దగా పట్టుకుని ‘హి డోంట్ హ్యావ్’ అంటాడు. సరిదిద్దితే అటు మొగ్గి ‘హి డజంట్ హ్యాజ్’ అంటాడు. ‘డూ’కు ‘జ్’ ధ్వని చేరి ‘డజ్’ అయిన తరువాత ఆ ధ్వనికి ఇంక పని లేదని, ‘హ్యావ్’ తన మూలరూపానికి వెనక్కి వస్తుందని చెప్పండి. ప్రశ్న కూడా అంతే: ‘డూ యు హ్యావ్ చేంజ్?’, ‘డజ్ షి హ్యావ్ చేంజ్?’. బ్రిటిష్ వాడుకలో ‘హ్యావ్ యు గాట్ చేంజ్?’ అని కూడా వినిపిస్తుంది. అది తప్పు కాదని తెలిస్తే చాలు, మొదట్లో వాడించనక్కర్లేదు.

నాలుగో మెట్టు: ‘హ్యావింగ్’ ఎప్పుడు, ఎప్పుడు కాదు

‘ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’ అనే వాక్యం దక్షిణ భారతమంతటా వినిపిస్తుంది. తెలుగువాళ్ళం కూడా తక్కువేమీ అనము. తమిళుల విషయంలో దీనికి ఒక స్పష్టమైన మూలం ఉంది. రాత తమిళంలో ‘ఇరుక్కిరార్గళ్’ అనే రూపంలోని ‘కిర్’ వర్తమానాన్ని సూచిస్తుంది. అదే ‘కిర్’ ఉన్న ‘పోగిరేన్’ అనే రూపాన్ని సందర్భాన్ని బట్టి ‘వెళతాను’ అనీ ‘వెళ్తున్నాను’ అనీ కూడా అర్థం చేసుకోవచ్చు. ఇంగ్లీషులో ఆ రెండు అర్థాలకూ వేర్వేరు రూపాలు ఉన్నాయి కనుక విద్యార్థి ఏది ఎంచుకోవాలో తెలియక పెద్దదాన్ని ఎంచుకుంటాడు.

సొంతం, బంధుత్వం, జబ్బు, లక్షణం చెప్పేటప్పుడు ‘హ్యావింగ్’ వాడకూడదు. తినడం, తాగడం, స్నానం చేయడం, కబుర్లు చెప్పుకోవడం వంటి పనులకు ఇంగ్లీషువారు ‘హ్యావ్’ను అరువు తెచ్చుకుంటారు, అక్కడ జరుగుతున్న పనిగా ‘హ్యావింగ్’ చక్కగా సరిపోతుంది. ‘వి ఆర్ హ్యావింగ్ టిఫిన్’, ‘షి ఈజ్ హ్యావింగ్ ఎ బాత్’ అనేవి సరైన వాక్యాలు. పరీక్ష ఇది: తమిళంలో ఆ వాక్యం చివర ‘ఇరుక్కు’కు బదులు ‘సాప్ట్టుట్టు ఇరుక్కోం’, ‘కుళిచ్చుట్టు ఇరుక్కా’ అంటూ మరో పని మాట వస్తోందా? వస్తే ‘హ్యావింగ్’ రావచ్చు. వట్టి ‘ఇరుక్కు’ మాత్రమే ఉంటే రాదు.

ఐదో మెట్టు: ‘వందిరుక్కేన్’, తమిళుల చేతిలో ఉన్న వరం

ఈ మెట్టు దగ్గర ఎక్కువ సమయం గడపండి, ఎందుకంటే ఇక్కడ మనకంటే తమిళుల దారి సులువు. మన వాడుకలో ‘వచ్చాను’ అనే ఒక్క రూపంతో ‘ఐ కేమ్’, ‘ఐ హ్యావ్ కమ్’ రెండూ అయిపోతాయి. ‘వచ్చి ఉన్నాను’ అనేది మామూలు సంభాషణలో అరుదు. తమిళంలో మాత్రం ‘వందేన్’ వేరు, ‘వందిరుక్కేన్’ వేరు, రెండూ రోజూ నోట్లో ఆడే మాటలే. కాబట్టి తెలుగు ఉపాధ్యాయులు తమకు కష్టమైన విషయం విద్యార్థికి కూడా కష్టమే అనుకుని లేనిపోని సూత్రాలు చెప్పకూడదు. విద్యార్థికి తెలిసిన రూపాన్ని గుర్తు చేయడమే మన పని.

ఇంగ్లీషులో కూడా ఈ నిర్మాణం సొంతం చెప్పే ‘హ్యావ్’ నుంచే పుట్టింది. ‘రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది’ అనే అర్థంలో ‘ఐ హ్యావ్ ది లెటర్ రిటెన్’ వంటి వాక్యాలు ఉండేవి. కాలక్రమంలో చూపు ఉత్తరం మీద నుంచి రాసే పని మీదికి మళ్ళి, అదే ‘ఐ హ్యావ్ రిటెన్ ది లెటర్’ అయింది. జరిగిపోయిన పని ఫలితం ఇప్పుడు నా చేతిలో ఉందన్నమాట. తమిళ ‘ఎళుదియిరుక్కేన్’ కూడా రాసి ఉన్నానని, అంటే పని జరిగి దాని ఫలితం నిలిచి ఉందని చెబుతుంది. ఒక భాష ‘పట్టుకొను’ అనే క్రియతో, మరొక భాష ‘ఉండు’ అనే క్రియతో ఒకే చోటికి చేరుకున్నాయి.

ఇక ఉదాహరణలు. ‘నాన్ మదురైక్కు పోయిరుక్కేన్’ అంటే ఎప్పుడో ఒకసారి మదురై చూసి వచ్చానని. దీనికి ‘ఐ హ్యావ్ బీన్ టు మదురై’. ‘అప్పా మదురైక్కు పోయిరుక్కార్’ అన్నప్పుడు నాన్న ఇంట్లో లేరు, మదురై వెళ్ళారు; దీనికి ‘ఫాదర్ హ్యాజ్ గాన్ టు మదురై’. తమిళంలో రూపం ఒకటే, ఇంగ్లీషులో మనిషి తిరిగొచ్చాడా లేదా అన్నదాన్ని బట్టి ‘బీన్’, ‘గాన్’ మారతాయి. ఎదురుగా కూర్చున్నవాడు ‘ఐ హ్యావ్ గాన్ టు మదురై’ అంటే, ‘మరి ఇక్కడ కూర్చున్నది ఎవరు?’ అని అడిగితే చాలు, తరగతి అంతా నవ్వుతుంది, తేడా అందరికీ గుర్తుండిపోతుంది.

ఒక పని ముగిసిందని చెప్పడానికి తమిళంలో ‘ఆచ్చు’ కూడా ఉంది. ‘సాప్ట్టాచ్చా?’ అంటే మన ‘తినడం అయిందా?’. దీనికి ‘హ్యావ్ యు ఈటెన్?’ అతికినట్టు సరిపోతుంది. ‘ఆచ్చు’ వినిపించినప్పుడు చాలావరకు ‘హ్యావ్’ పెట్టించవచ్చు.

అయితే రెండు చోట్ల ‘ఇరుక్కు’ తప్పుదారి పట్టిస్తుంది. తెల్లవారి లేచి తడిసిన వీధిని చూసి తమిళులు ‘నేత్తు రాత్తిరి మళై పేంజిరుక్కు’ అంటారు, అంటే వాన కురిసినట్టుంది అని. ఇక్కడి ‘ఇరుక్కు’ ఊహను తెలుపుతోంది. విద్యార్థి దాన్ని ‘ఇట్ హ్యాజ్ రెయిన్డ్ లాస్ట్ నైట్’ అని మారుస్తాడు. నిన్న, పోయిన వారం, 2019లో అంటూ గడిచిపోయిన కాలాన్ని పేరు పెట్టి చెప్పినప్పుడు ఇంగ్లీషు వాక్యంలో ‘హ్యావ్’, ‘హ్యాజ్’ నిలవవు. ‘ఇట్ రెయిన్డ్ లాస్ట్ నైట్’ అనే అనాలి. రెండోది దీనికి వ్యతిరేకం. ‘పత్తు వరుషమా ఇంగ ఇరుక్కేన్’ అన్నప్పుడు తమిళంలో వట్టి వర్తమానమే కనిపిస్తుంది, అందుకని ‘ఐ యామ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటారు. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ‘ఐ హ్యావ్ బీన్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. ‘ఫర్’ గడిచిన కాలపు పొడవుకు, ‘సిన్స్’ మొదలైన రోజుకు.

ఆరో మెట్టు: ‘హ్యాడ్’ను పొదుపుగా వాడించండి

‘పోన వారం చెన్నై పోయిరుందేన్’ అనేది చక్కని తమిళం. వెళ్ళి తిరిగి వచ్చేశానని దాని భావం. దాన్ని ‘ఐ హ్యాడ్ గాన్ టు చెన్నై లాస్ట్ వీక్’ అంటే మాత్రం ఇంగ్లీషు శ్రోత ‘దేనికంటే ముందు?’ అని ఎదురుచూస్తాడు. గతంలోని రెండు పనుల్లో ముందు జరిగినదానికే ‘హ్యాడ్’: ‘ది బస్ హ్యాడ్ లెఫ్ట్ వెన్ ఐ రీచ్డ్ ది స్టాండ్’. ఒక్కటే పనైతే ‘ఐ వెంట్’ చాలు.

‘వందిరుక్కలాం’, ‘వందిరుక్కణుం’, ‘వందిరుందా’ అనే మూడూ మన ‘వచ్చి ఉండవచ్చు’, ‘వచ్చి ఉండాలి’, ‘వచ్చి ఉంటే’లకు అచ్చంగా సరిపోతాయి. ఇంగ్లీషులో ‘మే హ్యావ్ కమ్’, ‘మస్ట్ హ్యావ్ కమ్’, ‘ఇఫ్ యు హ్యాడ్ కమ్’. ఇక్కడ తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ ఒకే దారిన నడుస్తున్నాయి కనుక సమాంతరంగా రాసి చూపితే అరగంటలో పట్టుబడుతుంది.

ఏడో మెట్టు: ‘హ్యావ్ టు’

‘పోగణుం’ అంటే వెళ్ళాలి. ‘పోగ వేండియిరుక్కు’ అంటే వెళ్ళాల్సి ఉంది. రెండో రూపంలోనూ ‘ఇరుక్కు’ దాగి ఉండడం గమనించమనండి; ‘ఐ హ్యావ్ టు గో’కు అదే దగ్గరి రూపం. పరిస్థితి బలవంతం చేసి వెళ్ళాల్సి వస్తే ‘ఐ హ్యాడ్ టు గో’.

చిక్కంతా వ్యతిరేకార్థంలో ఉంది. తమిళ ‘వేండాం’ మన ‘వద్దు’ లాంటిది. ‘పోగ వేండాం’ అన్నప్పుడు వెళ్ళవద్దనీ, వెళ్ళనక్కర్లేదనీ రెండు విధాలుగా వినిపిస్తుంది. ఇంగ్లీషులో ఈ రెంటినీ కలిపితే ప్రమాదం. ఒక విద్యార్థి పనిచేసే చోట పైఅధికారి ‘యు డోంట్ హ్యావ్ టు కమ్ టుమారో’ అన్నాడట. రావద్దన్నారేమో, పని పోయిందేమో అని అతను రాత్రంతా కలత పడి, మరునాడు తరగతికి వచ్చి నన్ను అడిగాడు. సెలవు కావాలంటే తీసుకోవచ్చని మాత్రమే దాని అర్థం. ఆ రోజు నుంచి నేను రెండు తమిళ రూపాలు బోర్డు మీద పక్కపక్కన రాస్తున్నాను: ‘పోగ వేండియదిల్లె’ అంటే ‘డోంట్ హ్యావ్ టు గో’, వెళ్ళనక్కర్లేదు, ‘పోగక్కూడాదు’ అంటే ‘మస్ట్ నాట్ గో’, వెళ్ళకూడదు. ‘కూడాదు’, ‘కూడదు’ అన్నదమ్ముల్లాంటి మాటలు కాబట్టి తెలుగు ఉపాధ్యాయులకు కూడా ఇది సులువుగా గుర్తుంటుంది.

ఎనిమిదో మెట్టు: ఇతరుల చేత చేయించుకున్న పని

‘ముడి వెట్టిక్కిట్టేన్’ అంటే జుట్టు కత్తిరించుకున్నాను. ఈ ‘కిట్టేన్’లో దాగిన తమిళ ‘కొళ్’, తెలుగు ‘కొను’ పని ఫలం మనకే దక్కిందని చెబుతాయి, కత్తెర ఎవరి చేతిలో ఉందో చెప్పవు. ‘ఐ కట్ మై హెయిర్’ అంటే ఇంగ్లీషులో నా చేత్తో నేనే కత్తిరించుకున్నానని అర్థం వస్తుంది. అందుకే ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’. బండి బాగుచేయించుకోవడం, రవిక కుట్టించుకోవడం, పన్ను పీకించుకోవడం అన్నీ ఇదే అచ్చులో పోస్తే చాలు.

తొమ్మిదో మెట్టు: నోరు తిప్పడం

తమిళ లిపిలో ఈ క్రియను ‘హేవ్’ అని రాస్తారు, చదివేవారు అలాగే పలుకుతారు. మనలో చాలామంది ‘మేక’ అనేటప్పుడు పలికే వెడల్పైన అచ్చు ఇక్కడ కావాలి. పొడవు తగ్గించి పలికి చూపండి. చివర ‘వ్’ దగ్గర ఆగలేక ‘హేవు’ అనడం తమిళులకూ మనకూ ఉన్న అలవాటే. ‘హ్యావ్ టు’ను వేగంగా అన్నప్పుడు ‘హ్యాఫ్ టు’ అనీ, ‘హ్యాజ్ టు’ను ‘హ్యాస్ టు’ అనీ పలుకుతారు. ‘ఐ హ్యావ్ సీన్’ వంటి చోట ‘హ్యావ్’ నలిగి ‘ఐవ్ సీన్’ అవుతుంది. పలకకపోయినా పరవాలేదు, వినిపించినప్పుడు గుర్తుపట్టగలగాలి.

చివరి మెట్టు: ఒక పేరా

నేర్చుకున్నదంతా కలిపే అభ్యాసంగా ఈ తమిళ మాటలు ఇవ్వండి: ‘ఎనక్కు ఒరు తంబి ఇరుక్కాన్. అవన్ కిట్ట బైక్ ఇరుక్కు. అవన్ పెంగళూరుక్కు పోయిరుక్కాన్. నాన్ పెంగళూర్ పోయిరుక్కేన్, ఆనా మైసూర్ పోనదిల్లె. నాళైక్కు నాన్ వేలైక్కు పోగ వేండియదిల్లె.’

రావలసిన ఇంగ్లీషు ఇది: ‘ఐ హ్యావ్ ఎ యంగర్ బ్రదర్. హి హ్యాజ్ ఎ బైక్. హి హ్యాజ్ గాన్ టు బెంగళూరు. ఐ హ్యావ్ బీన్ టు బెంగళూరు, బట్ ఐ హ్యావ్ నెవర్ బీన్ టు మైసూరు. ఐ డోంట్ హ్యావ్ టు గో టు వర్క్ టుమారో.’ మొదటి రోజు ‘ఐ హ్యాజ్ వన్ బ్రదర్’ అని రాసిన ఆ కార్మికుడు ఈ పేరాలో ఒక్కచోటే ఆగాడు. ‘పోయిరుక్కాన్’ దగ్గర కలం ఎత్తి, ‘తంబి తిరుంబి వందుట్టానా, ఇల్లెయా?’ అని నన్ను అడిగాడు. ఇంకా రాలేదన్నాను. ‘హ్యాజ్ గాన్’ అని రాసుకున్నాడు.